వరద తగ్గాక వెతికే ఆట

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు అన్న పాలపొడి డబ్బా అడుగు కోసేశాడు. వంటింటి గడప మీద కూర్చుని, రేకు కత్తెరతో చుట్టూ కత్తిరించి, చేతికి గీసుకోకుండా అంచును రాయితో లోపలికి కొట్టాడు. గోడవారగా అట్లాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. పొయ్యి దగ్గర నుంచి వదిన చూసింది.

"గీ ఇంట్ల ఒక్క డబ్బాకన్న అడుగుంచుతరా లేదా?"

"అడుగుంటే నీళ్ళు నిలుస్తయి," అన్నాడు అన్న.

"ఉప్పు పోసుకునే డబ్బాల నీళ్ళెందుకు నిలుస్తయి?"

అన్న లేచాడు. డబ్బాలు గోనెసంచిలో వేసి నా వైపు చూశాడు. చాయ్ సగంలో వదిలి లేచాను.

ఇది డెబ్బైల మొదట్లో మాట. దసరా దాటి, గోదావరి వరద తగ్గిన తొలి ఆదివారం. అన్న శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో సర్వేయర్. నేను పెద్దపల్లిలో, కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. శనివారం సాయంత్రం ప్యాసింజర్ ఎక్కి, నది దాటి, మంచిర్యాలలో దిగి ఆయన క్వార్టర్‌కు వచ్చేవాణ్ణి. ఇటు కరీంనగర్ జిల్లాలో నేను, అటు ఆదిలాబాద్ జిల్లాలో ఆయన. బాపు మాకు భూమి ఏమీ మిగల్చలేదు. "మీ అన్నదమ్ములు పంచుకున్నది గా గోదారొక్కటే," అనేది వదిన.

అన్న పోయి ఏడాది కాలేదు. నాకు ఒకచోట కూర్చోవడం చేతకావడం లేదు. చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నాను. లేచి వాకిట్లోకి పోయి, ఎందుకు వచ్చానో తెలియక లోపలికి వస్తున్నాను. కూర్చోగలిగిన కాసేపట్లో ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

ఆ డబ్బాలు గోల్ఫ్ కోసం. కర్రతో చిన్న గట్టి బంతిని కొట్టుకుంటూ నడిచిపోయి, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో దూరంగా ఉన్న గుంతలో వేయాలి. ఇసుకలో గుంత పూడిపోతుంది కాబట్టి అన్న డబ్బా పాతేవాడు. మేం దాన్ని డబ్బా అనే అనేవాళ్ళం.

ఆయనకు ఈ ఆట అంటించింది ఒక ముసలి మేనేజరు. వయసులో ఉన్నప్పుడు గనుల శిక్షణకు విదేశం పోయి, సముద్రం పక్కన ఒక బొగ్గు ఊళ్ళో ఉండి వచ్చినవాడు. రిటైరై పోతూ తన పాత కర్రల్లో సగం, బొమ్మలున్న ఒక పుస్తకం అన్నకిచ్చాడు. ఆ ఊరి గోల్ఫ్ మైదానాన్ని ఎవరూ తయారు చేయలేదట. సముద్రం వెనక్కి జరిగి ఇసుక వదిలింది. గాలి దాన్ని మిట్టపల్లాలు చేసింది. ఉప్పుగాలికి తట్టుకునే పొట్టి గడ్డి మొలిచింది, గొర్రెలు కొరికాయి. మనుషులు వచ్చి గుంతలు మాత్రం పెట్టుకున్నారు.

మా ఇద్దరిలో ఎవరమూ అప్పటికి సముద్రం చూడలేదు. అన్న ఆ పుస్తకాన్ని చంకన పెట్టుకుని ఒక ఎండాకాలమంతా గోదావరి ఒడ్డు తిరిగాడు. తర్వాత నాతో అన్నాడు: "తమ్మీ, గాడున్నవన్ని గీడ గూడ ఉన్నయి. నీళ్ళే జర తియ్యగున్నయి."

పారే నీటికీ చేలకూ మధ్య ఇసుక మేటలు వేసిన ఒడ్డు అది. వేసవి గాలికి ఇసుక లేచి మిట్టలయ్యేది. కొన్నిచోట్ల గరిక పట్టి నిలబడేది. వానాకాలంలో నది దాని మీదుగా పోయేది. దిగిపోయాక చూస్తే పాత మిట్ట ఉండదు, పల్లం ఉన్నచోట గట్టు ఉంటుంది. కిందటేడు పాతిన డబ్బాల్లో ఒకటీ అరా తప్ప దొరికేవి కావు. కాబట్టి ప్రతి ఏడూ వరద తగ్గిన తర్వాత ఆటస్థలాన్ని మళ్ళీ వెతుక్కోవాలి.

వెతకడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మిట్ట మీద నిలబడి నాలుగైదు బంతులు చేతిలోంచి జారవిడిచేవాడు. అవి దొర్లుకుంటూ పోయి, ఎక్కువ బంతులు ఎక్కడ ఆగితే అక్కడ డబ్బా పాతేవాడు. పారతో చదును చేయనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను కాలితో కొంచెం ఇసుక సర్దబోతే, "ముట్టకు. అది అట్లనే అనుకున్నది," అన్నాడు. నేల అనుకోవడమేమిటని అడగాలనిపించింది. కాలు వెనక్కి తీసుకున్నాను. ఒక ఏడాది తొమ్మిది డబ్బాలు కుదిరేవి, ఇంకో ఏడాది ఆరే. ఎన్ని దొరికితే అన్నే ఆడేవాళ్ళం.

పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. అక్కడి గొర్రెలు సముద్రపు గాలికి తట్టుకోలేక మిట్టల చాటున పడుకునేవట. అవి పడుకున్న చోట గడ్డి పోయి ఇసుక గుంతలు పడ్డాయట. ఆ గుంతలో బంతి పడితే తీయడం కష్టం. ఆటలో అదొక చిక్కు. మా ఒడ్డున కూడా గొర్రెల గుంతలు ఉండేవి. ఇక్కడ అవి గాలికి కాదు, ఎండకు. మిట్టమధ్యాహ్నం గొర్రెలు ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దూర్చి గుంపుగా నిలబడి, కాళ్ళతో పైన కాలిన ఇసుక గీరి, కింది చల్లటి తడి దాకా తోడేవి. ఇది కనిపెట్టిన రోజు అన్న ఇంటికి వచ్చి అన్నం తింటూ లేచి రెండుసార్లు ఆ పేజీ తెచ్చి చూపించాడు.

గొర్రెల కాపరి మాకంటే పెద్దవాడు. మేం ఆడుతుంటే కర్ర మీద గడ్డం ఆనించి చూసేవాడు.

"ఏం సారూ, పొద్దటి సంది దేవులాడుతుండ్రు. బంగారమా?"

"బంతి."

"మా గొర్రె మింగిందేమో మరి."

"మింగితే రేపటికి ఇస్తది తియ్యి."

"ఇస్తే కడుక్కొని ఆడుతరా, అట్లనే ఆడుతరా?"

అన్న నవ్వి ఇసుకలో కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం అరుదు. ఆఫీసులో కూడా నిలబడే ప్లానులు గీస్తాడని ఆయనతో పనిచేసేవాళ్ళు చెప్పేవారు.

ఒడ్డు మీద ఆయన నిశ్చింతగా లేకపోవడానికి వేరే కారణం ఉంది. బొగ్గు తీసిన చోట గని లోపల ఖాళీ మిగులుతుంది. పైకప్పు కూలకుండా అందులోకి ఇసుకను నీళ్ళతో కలిపి పైపుల్లో దించుతారు. ఆ ఇసుక గోదావరిది. తీగ మీద బకెట్లలో, చేల మీదుగా, గని దాకా పోయేది. ఏ మేట ఎప్పుడు తీయాలో కొలిచి చెప్పడం అన్న పని. తను ఆడే నేల ఒక రోజు తన చేతుల మీదుగానే కిందికి పోతుందని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఏటా వరద కొత్త ఇసుక తెచ్చేది కాబట్టి ఆ రోజు వెనక్కి జరుగుతూ వచ్చింది. తలెత్తి బకెట్లు చూసి మళ్ళీ బంతి వైపు వంగేవాడు. ఆయనకు పోయేది ఏదైనా ఉంటే ఆ ఒడ్డే. దాన్ని ఎంతకాలం ఉంచుకోగలడన్నదే ఆయన ఆదివారాల్లో ఉన్న ప్రశ్న.

ఎనభైల్లో కొత్త మేనేజరు వచ్చాడు. కోస్తా మనిషి, దేశాలు తిరిగినవాడు, మాట మెత్తన. క్లబ్బు వెనక బీడులో గోల్ఫ్ మైదానం చేయాలనుకున్నాడు. ఒక ఆదివారం మమ్మల్ని క్లబ్బు వరండాకు పిలిచాడు.

"సముద్రం పక్కన ఉన్నట్టే చేద్దాం సర్వేయర్ గారూ. మిట్టలు మీరు గీసివ్వండి, బుల్‌డోజర్ నేను పంపిస్తాను. ఈ రోజుల్లో అక్కడ కూడా అన్నీ దేవుడు చేసినవి కావు. బంగాళాదుంప చేలల్లో ఇసుక తోలి, మిషన్లతో గుట్టలు పోసి, గాలి చేసిందని నమ్మిస్తున్నారు. మన దగ్గర కూడా, చూసినవాడు సముద్రం ఎక్కడుందని అడగాలి."

"అడుగుతడు సార్. మనమేం చెప్తం?"

మేనేజరు గట్టిగా నవ్వాడు. అన్న నవ్వలేదు.

"గుట్ట నేను గీస్తే బంతి ఎటు వోతదో నాకు ముందుగాలనే ఎర్కైతది సార్. ఇగ ఆడుడెందుకు?"

"బాగుంది. మీ ఒడ్డు మీద ఎవరు ఆడుతున్నారు చెప్పండి. మీరూ, మీ తమ్ముడు గారూ. కొన్నాళ్ళు నీళ్ళు, కొన్నాళ్ళు నిప్పులు. ఇక్కడైతే డ్యూటీ దిగొచ్చినవాళ్ళు ఎవరైనా ఆడొచ్చు. ఆడవాళ్ళు ఆడొచ్చు. అయినా ఆ డబ్బా మీరు పాతిందేగా? గాలి తెచ్చి పెట్టిందా?"

అన్న కుర్చీలోంచి లేచి వరండా చివరి దాకా పోయి వచ్చాడు. గీయనని చెప్పలేదు, గీస్తానని చెప్పలేదు. దారిలో నేనన్నాను, మేనేజరు అన్నదాంట్లో తప్పేం కనిపించలేదని.

"తప్పు లేదు తమ్మీ. గందుకే పరేషానున్న," అన్నాడు. 

ఎగువన ఆనకట్ట కట్టినప్పటి నుంచి నది మారుతూ వచ్చింది. వరద వచ్చినా మునుపటిలా ఇసుక తేలేదు. ఏటికేడు మేటలు పలచబడ్డాయి. తీసిన చోట మళ్ళీ నిండటం మానేసింది. ఒక ఎండాకాలం బకెట్లు సగం నిండి పోవడం నేనే చూశాను. ఆ శనివారం అన్నం దగ్గర అన్న మామూలు గొంతుతో చెప్పాడు.

"మన ఒడ్డు తీసుడే ఇగ."

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదు, తనే రాసిచ్చాడు. వదిన వడ్డిస్తున్న గరిటె ఆపింది. అన్నేళ్ళు ఎగతాళి చేసిన మనిషి.

"ఇంకో దిక్కు లేదా?"

"ఉన్నది. గాడ మట్టి కలిసింది. పైపులు జామైతయి."

"మరి?"

"మరేమున్నది. కింద మనుషులున్నరు."

అన్నం కలుపుకున్నాడు, తినకుండా చేయి కడుక్కున్నాడు.

ఇసుక తీసేముందు మేట ఎంత ఉందో కొలవాలి. అది రూలు. మామూలుగా సహాయకులు ఉంటారు. ఆ ఆదివారం అన్న కొలకర్ర నా చేతికిచ్చాడు. తాను మూడుకాళ్ళ స్టాండు మీద ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం పెట్టి చూస్తూ, చేత్తో సైగ చేస్తే నేను ఇంకో చోటికి నడవాలి. మిట్ట మీద, పల్లంలో, గొర్రెల గుంతలో, మళ్ళీ మిట్ట మీద. పొద్దెక్కింది, ఇసుక చెప్పుల్లోకి వచ్చి కాలింది. ఆయన నీడకు పోనివ్వలేదు. డబ్బా ఉన్న ప్రతిచోటా కర్ర పెట్టమన్నాడు. ఇసుక లెక్కకు ఆ చోట్లు అక్కర్లేదు. నేను ఎందుకని చూస్తే, "పెట్టు," అన్నాడు.

చివరి డబ్బా దగ్గర నేను దాన్ని పీకబోయాను. వద్దన్నాడు. కాపరి దూరం నుంచి అరిచాడు: "ఏం సారూ, ఇయ్యాల కర్ర పెద్దదైంది. బంతి ఏది?" అన్న చేయి ఊపాడు.

కొన్ని వారాల్లో ఒడ్డు పోయింది. చూడటానికి మేం పోలేదు. ఆదివారం అన్న ఇంట్లోనే ఉండేవాడు. తలుపు బందులకు నూనె పోసేవాడు, గడియారం కీ ఇచ్చి వెంటనే మళ్ళీ చూసేవాడు, పెరట్లోకి పోయి కర్రలు తుడిచి మళ్ళీ మూలకు పెట్టేవాడు. "ఇంట్ల మనిషున్నడా, గాలి దుమారమున్నదా," అంది వదిన, కానీ మెల్లగా అంది.

ఒడ్డు ప్లాను సంతకానికి పోయినప్పుడు మేనేజరు దాని మీద చిన్న సున్నాలు చూసి ఇవేమిటని అడిగాడట. డబ్బాలని అన్న చెప్పాడు. మేనేజరు ప్లానును ఎక్కువసేపు చూసి, "సర్వేయర్ గారూ, గీసివ్వనక్కర్లేదు. నది గీసింది. ఇదే చేద్దాం," అన్నాడు. అన్న కాదనలేదు. కాదనడానికి కారణం దొరకలేదని తర్వాత నాతో అన్నాడు. ఆ మాట చెప్తూ కూడా నడుస్తూనే ఉన్నాడు.

క్లబ్బు వెనక బీడులో డోజర్లు ఒక చలికాలం పనిచేశాయి. గనిలోంచి తీసిన మట్టి పోసి, దాని మీద చౌడులేని పైమట్టి పరిచి, గడ్డి నాటారు. గొర్రెలు తోడిన గుంతలు కూడా అదే చోట, అదే లోతున తవ్వి గోదావరి ఇసుక పోశారు. మిట్ట మిట్టకూ కొలత సరిపోయింది. తొలిరోజు నేనూ ఉన్నాను. మూడో డబ్బా దగ్గర అన్న మిట్ట ఎక్కి, పాత అలవాటుగా, బంతులు జారవిడిచాడు. అవన్నీ దొర్లుకుంటూ వచ్చి డబ్బా దగ్గరే ఆగాయి.

"చూశారా, అచ్చం అదే," అన్నాడు మేనేజరు. ఆయన సంతోషం నిజమైనది.

"అచ్చమే సార్," అన్నాడు అన్న.

ఆయన అక్కడ ఆడటం మానలేదు. మేనేజరు చెప్పినట్టే జనం వచ్చారు. డ్యూటీ దిగిన ఇంజనీర్లు వచ్చారు, వాళ్ళ భార్యలు చెప్పులు విప్పి గడ్డి మీద నడిచారు, అన్న ఓపికగా వాళ్ళకు కర్ర పట్టుకోవడం నేర్పాడు. చుట్టూ జనం ఉన్నప్పుడు బాగానే ఉండేవాడు. ఒకసారి గొర్రెలను లోపలికి రానిస్తే గడ్డి వాటంతట అవే కొరుకుతాయని మేనేజరుకు చెప్పాడు. "క్లబ్బులో గొర్రెలా?" అని ఆయన నవ్వేసి, గడ్డి కోసే మిషను తెప్పించాడు. కంచె పడింది.

ఆ దసరా తర్వాత నేను వెళ్ళినప్పుడు అన్న నన్ను పొద్దున్నే క్లబ్బుకు తీసుకుపోయాడు. అదే మిట్ట ఎక్కి బంతులు వదిలాడు. డబ్బా దగ్గర ఆగాయి. ఏరుకొచ్చి ఇంకోసారి వదిలాడు. అక్కడే ఆగాయి. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాటిని చూశాడు.

"వరదొచ్చి పోయింది తమ్మీ. దీనికి ఎర్కలేదు."

మేం తిరిగి వస్తుంటే కంచె అవతల కాపరి కనిపించాడు. ఆ ఏడాది గొర్రెలు కొన్నే ఉన్నాయి. లోపలికి చాలాసేపు చూశాడు.

"సారూ, గిది మన ఒడ్డే గదా. ఎత్తుకొచ్చి గీడ పెట్టిండ్రా?"

"అవును."

"మరి గోదారేది?"

అన్న బీడీ కట్ట కోసం నా జేబు వైపు చూశాడు. ఇచ్చాను. కాపరికి ఒకటి, తనకొకటి తీసుకున్నాడు. కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి కాల్చారు.

రిటైరైన ఏడాది అన్న సముద్రం చూడాలన్నాడు. కోస్తాలో ఒక చిన్న ఊరికి ఇద్దరం రైలెక్కి పోయాం. కర్రలు తెచ్చుకోలేదు. నీళ్ళ దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. వేలు ముంచి నాలుకకు అంటించుకుని, "నిజమే, ఉప్పే," అని వెనక్కి తిరిగాడు. సరుగుడు తోటలు దాటాక, ఏమీ నాటని ఇసుక మిట్టలు దూరం దాకా ఉన్నాయి. వాటి మీద అక్కడక్కడ పాకుడు తీగ, పొట్టి గడ్డి, మేకలు నడిచిన జాడలు. అన్న నడక వేగం పెరిగింది. ఆయన చెప్పులు నేను పట్టుకున్నాను.

జేబులోంచి పాత బంతులు తీశాడు. అవి వెంట తెచ్చాడని నాకు తెలియదు. మిట్ట ఎక్కి జారవిడిచాడు. అవి ఆగిన చోటికి దిగి మడమతో నొక్కాడు. "గీడొకటి." ఇంకో మిట్ట. "గాడొకటి." ఒకచోట బంతులు విడిపోయి తలో దిక్కు పోతే ఆయన మొహం విప్పారింది. మూడు మిట్టలు మార్చి చూసి, చివరికి అది డబ్బా చోటు కాదని తేల్చాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు మమ్మల్ని చూసి ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఎండ నెత్తికెక్కే వేళకు ఆట మొత్తం దొరికింది. గాలి అప్పటికే మొదటి మడమ గుర్తును పూడుస్తోంది.

మళ్ళీ వచ్చినప్పుడు కర్రలు తెచ్చుకుందామన్నాను.

"మళ్ళొస్తే గివి ఉంటయా? ఉండయి. మళ్ళ దేవులాడుకోవాలె," అన్నాడు. ఒడ్డు పోయినప్పటి నుంచి ఆయన గొంతులో అంత తృప్తి నేను వినలేదు. తర్వాత ఇసుకలో కూర్చున్నాడు, నేను లేపేదాకా కూర్చున్నాడు.

మళ్ళీ పోలేదు. ఆ తర్వాతి చలికాలం అన్న గుండె ఆగి పోయాడు. అస్థికలు గోదావరిలో కలపడానికి పోయినప్పుడు మా ఒడ్డు ఉన్నచోట గొయ్యి ఉంది, అందులో నిలవ నీళ్ళున్నాయి. నేను అక్కడ ఆగి నిలబడ్డాను కానీ వెతికేందుకు ఏమీ లేదు.

వదినను చూడటానికి పోయినప్పుడల్లా క్లబ్బు వైపు నడుస్తాను. మైదానం బాగుంది. పొద్దునా సాయంత్రం నీళ్ళు పెడతారు, మిట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మంచి ఆటగాళ్ళు తయారయ్యారని చెబుతారు. కంచె పట్టుకుని కాసేపు చూసి, ఉండలేక తిరిగి వస్తాను. వదిన ఉప్పు పాలపొడి డబ్బాలో పోసి పెట్టుకుంది.

వరద తగ్గాక ఒడ్డుకు పోయి, బంతులు జారవిడిచి, అవి ఆగిన చోట డబ్బా పాతడం ఇప్పుడు ఎవరూ చేయరు.